పెరగని సీసా

ఆ ప్రయోగశాలలో అందరికీ ఆవిడ పిన్నే. పెద్ద డాక్టరుగారికీ పిన్నే, నేల తుడిచే ముసలాయనకీ పిన్నే. ఆవిడ పనేమిటో విన్నవాళ్లు మాత్రం ముక్కున వేలేసుకునేవారు. క్యాన్సరు కణాలను పెంచడం! ప్లాస్టిక్ సీసాల్లో ఎర్రటి పోషకద్రవం పోసి, ఒంటి వెచ్చదనం ఉండే పెట్టెలో పెట్టి, పసిపిల్లల్లా సాకాలి. పిన్ని చేతిలో పడ్డ కణాలు పెరగలేదన్న మాట అక్కడ ఎవరూ విని ఎరగరు.

"కట్టుకున్నవాడికి చల్లారిన కూడూ, ఆ దిక్కుమాలిన కణాలకి వెచ్చటి భోజనమూనా!" అని మొగుడు దెప్పేవాడు. ఆయన దర్జీ. కత్తెరతో పాటు నోరూ ఆడుతూనే ఉంటుంది.

అలాంటి పిన్నికి ఆ వారం గుండెలో రాయి పడింది. పరిశోధన చేసే అమ్మాయి రెండు సీసాలు అప్పగించింది. ఒకదానికి ఎర్ర చీటీ, ఇంకోదానికి నీలం చీటీ. దేనిలో ఏముందో చెప్పలేదు. పెంచే చేతికి పక్షపాతం ఉండకూడదన్నది అక్కడి పద్ధతి. ఎర్ర చీటీవి ఎప్పటిలాగే అడ్డూ అదుపూ లేకుండా సీసా అడుగంతా కమ్మేశాయి. నీలం చీటీవి మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. సూక్ష్మదర్శినిలో ఎన్నిసార్లు చూసినా అవే, దూరం దూరంగా, బద్ధకంగా.

"ఏమొచ్చిందర్రా మీకు? తిండి చాలట్లేదా?" అని బతిమాలింది. నియమాలు గట్టున పెట్టి పోషకం రెండింతలు పోసింది. ఊహూ, ఉలకవు పలకవు. అమ్మాయి కష్టమంతా తన చేతుల్లో బూడిదైపోయిందంటే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? ఎర్ర చీటీ సీసాలోంచి కాసిని కణాలు తీసి, కొత్త సీసాలో వేసి, నీలం చీటీ అంటించేస్తే ఎవరికి తెలుస్తుంది? పాతవాటిని చంపి పారబోయడానికి బ్లీచింగు డబ్బా మూత కూడా తీసింది. చేతులు రాలేదు. పాపం, చావలేదుగా, ఒంట్లో బాగాలేదేమో అనుకుని డబ్బా మూత బిగించి, అమ్మాయిని పిలిచి ఉన్నదంతా కక్కేసింది.

"నేనెంత చేసినా ఇవి పెరగలేదమ్మా. నన్నేం అనుకుంటావో అనుకో."

అమ్మాయి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి పిన్నిని వాటేసుకుని గిర్రున తిప్పేసింది.

"పిన్నీ! అవి పెరగకూడదనే కదా నా తిప్పలన్నీ!"

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"చెబితే మీకు వాటి మీద జాలి పుట్టదూ? మంచి కణంలో ఒక ప్రోటీన్ ఉంటుంది పిన్నీ, ఇంట్లో పెద్దదిక్కులాగా. కణంలో ఏదైనా చెడితే 'ఆగు, ముందు బాగుచేసుకో, ఆ తర్వాతే రెండవుదువుగాని' అంటుంది. బాగుపడదని తేలితే చచ్చిపొమ్మంటుంది. ఈ క్యాన్సరు కణాల్లో అది పాడైపోయింది, ఇంక అడిగే నాథుడు లేడు. నీలం చీటీవాటికి దాన్ని నేను మళ్లీ ఇచ్చాను. మీరు రెండింతలు మేపినా దాని మాటే విన్నాయి చూశారా!" అని నవ్వి, "కానీ అలా పోయకూడదు. మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి, ఈసారి కొలత ప్రకారం" అంది.

"చేద్దాం నా తల్లే, నువ్వెన్నిసార్లు చెయ్యమంటే అన్నిసార్లు" అంది పిన్ని. బ్లీచింగు డబ్బాని మాత్రం చేతికందనంత దూరంగా జరిపేసింది.

ఇంటికి రాగానే మొగుడు కుట్టుమిషను ఆపకుండానే, "నీ పిల్లలెలా ఉన్నారే?" అని వెక్కిరించాడు.

"పెరగడం మానేశారండీ."

మిషను టక్కున ఆగింది. "అయ్యో! అదేంటి?" ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది.

పిన్ని పకపకా నవ్వింది. "అయ్యో ఏంటి నా మొహం! లేచి చొక్కా వేసుకోండి, బయటికెళ్లి తిందాం. ఇవాళ మీకూ వెచ్చటి భోజనమే."