అత్త గదికి పెట్టిన రౌటర్

మా అత్తకూ, కుప్పంలో ఉండే ఆమె చెల్లెలికీ మాటలన్నీ చేతులతోనే. చెల్లెలికి పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి కట్టుకున్న సైగలు, ఇంకొకరికి అర్థం కావు. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక గుర్తుండాది. ముక్కుపుడక తాకితే మా ఆవిడ, మీసం మెలేస్తే నేను. నా కోపం మహిమ అది.

అత్త మదనపల్లెలో మాతోనే ఉంటాది. దినామూ పొద్దున పది గంటలకు చెల్లెలికి వీడియో కాల్ పెట్టుకునేది. సరిగ్గా అప్పుడే నాకు బెంగుళూరు ఆఫీసు మీటింగ్. ఇద్దరిదీ ఒకే నెట్టు, నేను మాట్లాడతాంటే తెర మీద నా బొమ్మ నిలబడిపోయేది. ఒకనాడు మేనేజరు "మీ ఊర్లో టమాటాలే గానీ నెట్టు పండదా?" అన్నాడు. అందరూ నవ్వినారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అమ్మ గదికి సిగ్నల్ సరిగ్గా రాదు, ఇంకో రౌటర్ పెట్టరాదా" అని మా ఆవిడ గూడా పోరుతాండేది. పెట్టినాను. నా గది నుంచి వైరు లాగి, వెనక గది బీరువా మీద రెండు యాంటెన్నాల కొత్త రౌటర్ కూర్చోబెట్టినాను. అల్లుడి ఎదట కూర్చోవడం గూడా ఎరగని మనిషి అత్త. తలుపు చాటు నుంచే, "నా ఒక్కదానికోసరం ఇంత అవస్థ యాల నాయనా" అనింది, మురిసిపోతా.

ఎవరికీ చెప్పకుండా చేసిన పని ఇంకొకటుండాది. నా గదిలోని పాత రౌటర్ సెట్టింగుల్లోకి పోయి, అత్త రౌటర్‌కు పోయే స్పీడు బాగా తగ్గించి పెట్టినాను, కొళాయి సగం తిప్పి కట్టినట్లు. సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి. నా మీటింగ్ ఆగకూడదు, అంతే. ముసలామెకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఛీ, ఏం బుద్ధి నాది!

వారం తిరక్కముందే ఒక పొద్దున అత్త ఇంట్లో కనబడలేదు. వెతుకుతాంటే పుంగనూరు బస్టాండు నుంచి ఫోన్ చేసింది.

"చెల్లెలికి చెయ్యి పడిపోయిండాదమ్మా," అని కూతురితో ఏడుస్తాంది. "మూడు దినాలుగా సూస్తాండా. లేపిన చెయ్యి లేపినట్లే ఉండాది, దించలేకుండా ఉండాది. నాకు తెలీకూడదని నవ్వు మొగం పెట్టుకోనుండాది. కుప్పం బస్సు కోసరం కూసోనుండా."

నిలబడిపోయింది చెయ్యి కాదు, ఫోన్లో బొమ్మ. అప్పుడే చెప్పుండొచ్చు. చెప్తే ఎందుకు నిలబడిందో గూడా చెప్పాల కదా. "నెట్టు ఆగిందేమోలే" అని గొణిగినాను.

"కొత్త రౌటర్ పెట్టినావు కదా, నెట్టు యాల ఆగుతాది?" అని కసిరింది మా ఆవిడ.

గదిలోకి పోయి, స్పీడు మామూలుగా చేసి, కారు తీసినాను.

నేను కుప్పం చేరేసరికి చెల్లెలు పట్టుపురుగులకు ఆకు వేసే పని ఆపి అరుగు మీద కూర్చోనుండాది. అత్త ఆమె వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూస్తాంది. చెల్లెలు విరగబడి నవ్వుతాంది.

"ఏమీ కాలేదు నాయనా. నా కండ్లకే సరిగ్గా కనపడలేదు. ముసిలిదాన్నయినా, నిన్ను గూడా ఇంత దూరం తిప్పినా," అనింది అత్త, తప్పు తనదైనట్లు.

అత్త చెల్లెలికి ఏదో చెప్పింది. బీరువా, పెట్టె, రెండు యాంటెన్నాలు, ఆ మాత్రం సైగలు నాకూ తెలిసినాయి. చెల్లెలు నా దిక్కు తిరిగి దండం పెట్టింది. ఆ దినం నుంచి నాకు మీసం గుర్తు పోయింది. పిడికిలి మీద రెండు వేళ్ళు నిలబెడితే నేను.

ఇప్పుడు వాళ్ళ బొమ్మ ఆగదు. నా మీటింగులో నా బొమ్మే ఆపేసుకుంటాను. పది గంటలకు ఆ గది ముందు నుంచి పోతాంటే ఫోన్లో ఆ రెండు వేళ్ళు లేస్తాయి, అల్లుడు బాగుండాడా అని. బాగుండాడని అత్త తల ఊపుతాది. నేనింతవరకు వాళ్ళకు చెప్పలేదు.