బొటనవేలికి అంటిన జాజు

తొమ్మిదేళ్ళుగా రెండక్షరాలు మోస్తున్నాను. వ, లి. అంతే. వినడానికి ఎంత తేలిక! వీటిని ఎవరికీ చెప్పలేదు. చివరికి డైరీకి కూడా చెప్పలేదు. ఏడో తరగతి నుంచి రోజూ రాస్తున్నదాన్ని, బస్సులో పక్క సీటు ఆవిడ కట్టుకున్న చీర రంగు కూడా వదలకుండా రాసుకునేదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం "బిలం చూసి వచ్చాం. లోపల ఉక్క" అని రాసి మూసేశాను. ఆ పేజీని తర్వాత ఎన్నిసార్లు తెరిచానో లెక్క లేదు. తెరిచి ఏం చూస్తాను? ఉక్క అన్న మాటనే చూస్తూ కూర్చుంటాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు, అందుకే మీకు చెబుతున్నాను.

మా ఊరు గుంటూరుకూ ఒంగోలుకూ మధ్య నల్లరేగడి మీద ఉంటుంది. మిరప, పత్తి తప్ప ఎటు చూసినా మరొకటి కనిపించదు. ఊరికి పడమట ఒక బోడికొండ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు దాని పక్కన విమానాలు దించుకోవడానికి నేల చదును చేయించి, పెట్రోలూ బాంబులూ దాచడానికి కొండ కడుపులో సొరంగాలు తవ్వించారట. మా ఊళ్ళో సొరంగం అనరు, బాంబుల బిలం అంటారు. తవ్వింది చుట్టుపక్కల ఊళ్ళ కూలీలు. ఒకరోజు లోపల పైకప్పు కూలింది. కొందరు అందులోనే ఉండిపోయారు. ఎవరెవరన్నది రాసిన కాగితం ఏదీ లేదు.

బిలం చూపించేది నాగూరు బాబాయ్. ఆయన అసలు పని దూది ఏకి పరుపులు కుట్టడం. బిలం చూడాలంటే ముందురోజే కబురు పెట్టాలి. లుంగీ ఎత్తి కట్టి, పెద్ద టార్చిలైటూ నీళ్ళ సీసా పట్టుకుని వచ్చేవాడు. ఇద్దరు ముగ్గురికి మించి తీసుకెళ్ళేవాడు కాదు. "గుంపుగా వస్తే కబుర్లు ఎక్కువ, వినేది తక్కువ" అనేవాడు.

ఆ ఫిబ్రవరిలో ఆయనతో బిలంలోకి వెళ్ళింది ఇద్దరం. నేనూ, నాకు డిగ్రీలో చరిత్ర చెప్పిన మేడమ్. బిలం ముందు, లోపల చనిపోయిన కూలీల పేర్లతో ఒక రాయి వేయించాలని మేడమ్ కోరిక. నా చేతిరాత బాగుంటుందని, ఊరు కూడా మాదేనని, నోట్సు రాయడానికి నన్ను రమ్మన్నారు. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. క్లాసులో మూడేళ్ళూ చెయ్యెత్తి ఒక్క ప్రశ్న అడగని పిల్లను ఆవిడ పేరు పెట్టి పిలవడమే నాకు పండగ.

లోపల నడుం వంచి నడవాలి. గబ్బిలాల వాసన. ఒకచోట బాబాయ్ ఆగి చెప్పులు విప్పాడు. గోడ మీదకు లైటు వేశాడు. ఎర్రమట్టి జాజుతో రాసిన అక్షరాలు.

ఏ రోజు ఎవరు ఎంతవరకు తవ్వారో మేస్త్రీ అక్కడ వాళ్ళ పేరు రాసేవాడట. దారంతా అలాంటి పేర్లే, సగానికి పైగా చెదిరిపోయినవి. ఈ పేరు దగ్గరే దారి ఆగిపోయింది. దీని తర్వాత కూలిన బండలే.

"ఇది మా తాతండీ, మస్తాన్ వలి" అన్నాడు బాబాయ్. "నాకు అక్షరం ముక్క రాదు. మా నాయన నా చెయ్యి పట్టుకొచ్చి చూపించాడు, ఇదిరా మీ తాత అని. గోరీ కట్టేదానికి మనిషి బయటికి రాలేదుగా. ఏడాదికోసారి ఇక్కడికే వచ్చి ఫాతేహా చదువుకుంటాం."

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చూశారు. "మస్తా వరకు తెలుస్తోంది. న ఉంది. పైనంతా మట్టి పట్టేసింది. ఆ తర్వాత ఏముందో కనిపించడం లేదు."

పైకప్పుకు ఆసరాగా నిలిపిన పాత దుంగల నుంచి గోడకు పాకిన చెదలమట్టి అది. తాకితే జాజు కూడా రాలిపోతుందేమోనని బాబాయ్ వాళ్ళు ఏనాడూ తాకలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వైపు మస్తాన్ అన్న పేరు ఎవరిదైనా కావచ్చు. పిల్లలు దక్కకపోతే హిందువులు కూడా దర్గాకు మొక్కుకుని ఆ పేరు పెట్టుకుంటారు. మస్తానయ్యలూ మస్తానమ్మలూ ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పేరు చివర ఏముందో చూస్తేగానీ ఎవరింటి మనిషో తెలియదు.

మా నాయనమ్మ తండ్రి పేరు మస్తానయ్య.

ఆయన యుద్ధం రోజుల్లో కూలికని వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పటికి నాయనమ్మకు ఐదేళ్ళు. ఎవరితోనో లేచిపోయాడని ఊరు తీర్మానించింది. మిరపకాయల కోతల్లో ఏ చిన్న మాట తేడా వచ్చినా ఆడవాళ్ళు అదే ఎత్తేవాళ్ళట. "నీకేందమ్మా, మీ అయ్య చీరాల్లో ఇంకో కాపురం పెట్టాడంటగా, పోయి పలకరించి రా!" ఎనభై ఏళ్ళు వచ్చినా ఆ మాటలు ఆమెకు పాతబడలేదు. మధ్యాహ్నం కునుకు తీసి లేచి, ఎదురుగా నేను పుస్తకంతో కనపడితే చాలు, "మా అయ్య అట్టాంటోడు కాదే" అనేది. నేను పేజీ తిప్పుతూ ఊకొట్టేదాన్ని.

ఆ బిలంలో నా నోట్లోంచి మాట వచ్చింది. ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. "మా ముత్తాత పేరు మస్తానయ్య, మేడమ్. యుద్ధం పనికని వెళ్ళి తిరిగి రాలేదు."

మేడమ్ నా వైపు తిరిగారు. ఆ తిరగడం నాకు గుర్తుంది. మూడేళ్ళలో మొదటిసారి నేను చెప్పేది వినడానికి ఒక మనిషి ఒళ్ళంతా నావైపు తిరిగింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు.

బాబాయ్ కోప్పడలేదు. "అట్టాగా తల్లీ? అయితే మీ ముత్తాత పేరు కూడా ఇందులో యాడో ఉండుద్ది. ఎతుకుదాం" అన్నాడు.

వచ్చే వారం మెత్తటి బ్రష్ తెచ్చి మట్టి తీయిద్దామని మేడమ్ అన్నారు. వాళ్ళిద్దరూ గాలి కోసం తవ్విన కన్నం చూడటానికి పక్క దారిలోకి వెళ్ళారు. నోట్సు పూర్తి చేసి వస్తానని నేను ఆగిపోయాను.

ఫోను వెలుగులో ఆ మట్టిని గోటితో గీకాను. ఎందుకు? మోసం చేద్దామని కాదు. ఇది మాత్రం నమ్మండి. 'య్య' కనిపిస్తుందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇంటికి పరుగెత్తి నాయనమ్మకు చెప్పే మాట కూడా అప్పటికే అల్లుకున్నాను. పెచ్చు పెచ్చుగా మట్టి ఊడి అరచేతిలో పడింది. న మీద పొల్లు ఉంది. పక్కన వ. దాని పక్కన లి. మేస్త్రీ ఎవరోగానీ అక్షరం ముత్యంలా ఉంది. ఇన్నేళ్ళూ ఆ మట్టే దాన్ని కాపాడింది.

బొటనవేలిని నాలుక మీద తడి చేసుకున్నాను.

ఎంతసేపు పట్టింది? పది అంకెలు లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. మొదట వ. తర్వాత లి. పొల్లును కూడా వదల్లేదు. చదువు రానివాళ్ళెవరూ ఆ పని చేయలేరు. పొల్లు పోతే న్ కాస్తా న అవుతుందని, అప్పుడు మస్తాన తర్వాత ఏదైనా ఊహించుకోవచ్చని అక్షరాలు తెలిసినవాళ్ళకే తడుతుంది. నా చదువంతా ఆ వేలి కొసకు వచ్చి నిలబడింది.

నాయనమ్మ కోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. కొంత నిజమే. కానీ ఆ క్షణంలో నా కళ్ళ ముందున్నది నాయనమ్మ ముఖమా? కాదు. నావైపు తిరిగిన మేడమ్ ముఖం. వచ్చే వారం ఆవిడ మళ్ళీ అటు తిరిగిపోతారని భయం. ఇంత చిన్నదానికి ఇంత పెద్ద తప్పు చేస్తారా ఎవరైనా? నేను చేశాను.

బయటికి వచ్చాక బాబాయ్ నా చెయ్యి చూశాడు.

"ఏందమ్మా, వేలంతా ఎర్రగా ఉంది? దెబ్బ తగిలిందా?"

"లేదు బాబాయ్. పొద్దున కల్లంలో మిరపకాయలు ఏరాను."

"అయితే ఆ చేత్తో కళ్ళు నులుముకునేవు, మండుద్ది. ఇట్టా పట్టు."

సీసా వంచి నా చేతి మీద నీళ్ళు పోశాడు. ఎర్రటి నీళ్ళు నల్లమట్టిలోకి ఇంకిపోయాయి. ఎండు మిరపకాయలు ఏరితే చెయ్యి మండుతుంది గానీ ఇలా ఎర్రనీళ్ళు కారవు. మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు ఆ సంగతి. ఆయనకు తెలియదా? ఆ నీళ్ళను ఆయన చూశాడా లేదా? తొమ్మిదేళ్ళుగా ఇదే ప్రశ్న. ఒకరోజు చూశాడనిపిస్తుంది. ఒకరోజు చూడలేదనిపిస్తుంది. ఏది నిజమైతే నాకు మేలో అది కూడా తేల్చుకోలేను.

వారం తర్వాత బ్రష్‌తో వచ్చిన మేడమ్‌కు న పక్కన ఎర్రటి మరక ఒకటి కనిపించింది. మట్టి దానంతటదే రాలిపోయి, తడికి అక్షరాలు చెదిరిపోయి ఉంటాయన్నారు. అప్పటికే నేను చెప్పిన మా నాయనమ్మ కథ ఆవిడ నోట్సు పుస్తకంలో నాలుగు పేజీలైంది. రాయి మీద గోడకున్న పేర్లే చెక్కాలి కాబట్టి, ఆ మరక ఎవరి పేరో తేల్చడానికి బడి వరండాలో పదిమందీ కూర్చున్నారు. బాబాయ్ గొంతు పెద్దది చేసి మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

"మా తాతని మాక్కాకుండా చేస్తారా మీరు?"

"ఒరేయ్ నాగూరూ, చదవటం రానోడివి, అది ఎవరి పేరో నీకేం తెలుసురా?" అని వెనకనుంచి ఎవరో అంటే నవ్వులు. బాబాయ్ నవ్వినవాళ్ళ వైపు చూడలేదు. గోడవారగా నిలబడ్డ నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. ఆ రోజు లైటు పెట్టుకుని దగ్గర్నుంచి చూశావు. ఏముందమ్మా అక్కడ?"

అందరూ నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. బిడియస్తురాలని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ తొందరపెట్టలేదు. నా బిడియం నాకు అంతగా ఉపయోగపడిన రోజు మరొకటి లేదు.

"సరిగ్గా కనపడలేదు బాబాయ్."

"కనపడలేదా?"

"లేదు."

ఆయన తల ఊపాడు. కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వేలు చేసినదానికంటే ఈ మాటే పెద్ద తప్పని నాకు అనిపిస్తుంది. బిలంలో ఎవరూ అడగలేదు. ఇక్కడ మనిషి ఎదురుగా నిలబడి అడిగాడు.

రాయి మీద మస్తానయ్య అని చెక్కారు. నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. ఆమెకూ అక్షరం రాదు. ఏది తన తండ్రి పేరో నన్నే అడిగింది. ఆమె వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద పెట్టాను. "లేచిపోయాడన్న ముండలంతా వచ్చి చూడండే!" అని అరిచింది, ఏడ్చింది, నవ్వింది. రెండేళ్ళ తర్వాత నిద్రలోనే పోయింది. ఆ సంతోషాన్ని తప్పు అనగలనా? అనలేను. అది నాది కాదు, ఆమెది. కానీ దాన్ని ఎవరి ఇంట్లోంచి ఎత్తుకొచ్చి ఆమె చేతిలో పెట్టానో నాకు తెలుసు. మా ముత్తాత నిజంగా ఆ కొండలోనే ఉన్నాడో, చీరాల్లోనే కాపురం పెట్టాడో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేను ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల ఊరు వెళ్ళినప్పుడు బాబాయ్‌కి కబురు పెట్టాను, బిలం చూడాలని, నేనొక్కదాన్నే వస్తానని. చెప్పేద్దామనే వెళ్ళాను. వాక్యం కూడా రాసుకుని కంఠతా పట్టాను. ఆయన బాగా వంగిపోయాడు, బిలంలో ఇప్పుడు వేరేగా నడుం వంచక్కర్లేదు. దారిపొడవునా పై ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు చెప్పినట్టే నాకూ అన్నీ చెప్పాడు. ఆ చోటికి రాగానే చెప్పులు విప్పాడు. మరక మీదకు లైటు వేశాడు.

"ఇది మస్తానయ్య గారి పేరంటమ్మా. రాయి మీద అట్టాగే ఉంది."

ఆ 'అంట' నాకు విడిగా వినిపించింది. జేబులోంచి రెండు ఊదొత్తులు తీసి వెలిగించి బండల సందులో గుచ్చాడు.

"ఒకటి మీ ముత్తాతకి" అన్నాడు. రెండోది ఎవరికో చెప్పలేదు.

కంఠతా పట్టిన వాక్యం పొల్లు పోకుండా గుర్తుంది. నేను అన్నది ఇదీ: "లోపల ఉక్కగా ఉంది బాబాయ్."

"అవునమ్మా, పద" అన్నాడు.

తిరిగి వచ్చినప్పటి నుంచి ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆఫీసులో బొటనవేలిని చూసుకుంటూ ఉంటాను. అందుకే రాస్తున్నాను. రాస్తుంటే ఇంకో అనుమానం. ఆయనకు చదవడం రాదు. అది తెలిసే కాగితాన్ని ఎంచుకున్నానా? మళ్ళీ అక్షరాల చాటునే దాక్కుంటున్నానా? కావచ్చు. కాదనే ధైర్యం నాకు లేదు. ఆయనకు చెప్పాలంటే నోటితోనే చెప్పాలి, బడి వరండా అంత పెద్దగా చెప్పాలి. చెబుతానో లేదో మీకు మాట ఇవ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగడమూ లేదు. మీరెవరు క్షమించడానికి?

ఈ పొద్దున ఆ పాత డైరీ తీశాను. ఉక్క అన్న మాట కింద, అదే పేజీలో, తొమ్మిదేళ్ళు ఖాళీగా ఉన్న గీత మీద రాశాను. రాసి పైకి చదివాను. గదిలో ఎవరూ లేరు, అయినా మాట నాకే వినపడనంత చిన్నగా వచ్చింది. రెండోసారి కొంచెం పెద్దగా చదివాను.

గోడ మీద ఉన్న పేరు మస్తాన్ వలి. న మీద పొల్లు ఉంది. బాగా కనపడింది బాబాయ్.