హోటల్ గదిలో ఉప్మా

పెళ్ళయిన మూడో రోజునే మా అత్తగారు నాతో, "మావాడికి బయటి తిండి పడదమ్మా" అన్నారు. కొడుకు ఏదో పెద్ద పరీక్ష ప్యాసయ్యాడని చెప్పుకున్నంత గర్వంగా అన్నారు. నాకు అప్పుడు అందులో ప్రమాదమేమీ కనిపించలేదు. పడకపోతే ఇంట్లో వండి పెడతాం, దానికేముంది అనుకున్నాను. ఆ పడకపోవడం మాతో పాటు రైలెక్కుతుందని, ఏ ఊరు వెళితే ఆ ఊళ్ళో హోటల్ గదిలో మాతో పాటే దిగుతుందని అప్పటికి తెలియదు.

తెలియకపోవడం ఏమిటి, తెలియాలి. మా అమ్మని చూసి పెరిగినదాన్ని కదా!

మా నాన్నది రైల్వే ఉద్యోగం. సొంతూరు శ్రీకాకుళం జిల్లా అయినా నేను పుట్టి పెరిగిందంతా రాయ్‌పూర్‌లో, గుఢియారీ రైల్వే క్వార్టర్లో. ఏడాదికోసారి పాసు వచ్చేది. ఒక ఏడు పూరీ వెళ్ళాం. సత్రంలో గది తీసుకున్నాం. నాన్నకీ ఇంటి తిండే కావాలి. ఉన్న మూడు రోజులూ ఆయన మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్ళేవారు, అమ్మ గదిలో కిచిడీ వండేది. మేము తడిబట్టలతో తిరిగొస్తే ఆ బట్టలు మూలకి తీసుకెళ్ళి దులిపేది. గచ్చు మీద ఇసుక రాలేది. మా అమ్మ చూసిన పూరీ సముద్రం అంతే. ఆ ఇసుకని చేత్తో పోగుచేసి బయట పారేసి, మళ్ళీ చెయ్యి కడుక్కుని మాకు వడ్డించింది. నాకప్పుడు పదేళ్ళు. పెద్దయ్యాక నేను ఇలా ఛస్తే ఉండను అనుకున్నాను. అనుకోవడానికేం, ఎవరైనా అనుకుంటారు.

అమ్మ ఆ క్వార్టర్లోనే పోయింది. తరవాత నాన్న రిటైరయ్యారు, క్వార్టర్ అప్పజెప్పారు. రాయ్‌పూర్‌లో నాకంటూ దిగడానికి ఒక ఇల్లు లేకుండా పోయింది. నేను విజయవాడలో కాపురం చేసుకుంటూ పన్నెండేళ్ళు గడిపాను. పిల్లలకి నేను ఎక్కడ పెరిగానో తెలియదు. మా అమ్మాయికి పదేళ్ళు, అబ్బాయికి ఎనిమిది. వాళ్ళ చేతులు పట్టుకుని ఆ ఇంటి ముందు నిలబడి, ఇదిగో ఇక్కడ మీ అమ్మమ్మ కూర్చునేది, ఇక్కడ నేను చదువుకునేదాన్ని అని నేనే చూపించాలని నా కోరిక. చీరలడగలేదు, నగలడగలేదు, ఇదొక్కటే అడిగాను. మా ఆయనకి ఆఫీసులో ప్రయాణం ఖర్చులిచ్చే ఎల్టీసీ వచ్చిన ఏడు, దసరా సెలవులకి ఊటీ అన్నారు. నేను రాయ్‌పూర్ అన్నాను. వారం రోజులు మాటల్లేకుండా ఉండి సాధించుకున్నాను.

సాధించుకున్నాక మొదలైంది అసలు పని. నాలుగు రోజుల హోటల్ బస కోసం నేను పది రోజులు వంటింట్లోంచి బయటికి రాలేదు. రవ్వ వేయించి డబ్బాకెత్తాను. అందులోనే పోపు కూడా కలిపేస్తే వేడినీళ్ళు పోస్తే చాలు ఉప్మా అయిపోతుంది. అటుకులు, కందిపొడి, ఆవకాయ, జంతికలు, సున్నుండలు, ఒక గుడ్డ సంచిలో బియ్యం, పెసరపప్పు కలిపి. మొదటిరోజు రైల్లోకి పులిహోర. అన్నిటికంటే అడుగున, నా చీరల మధ్య చుట్టి, ఒక కరెంటు పొయ్యి. తీగచుట్ట ఎర్రగా కాలుతుందే, అది. నాలుగు చీరలు పెట్టుకోవాల్సిన చోట రెండే పట్టాయి. ఆయన సంచిలో మాత్రం కెమెరా, దువ్వెన, పౌడరు.

స్టేషన్ దగ్గరే హోటల్లో దిగాం. తలుపు వెనక హిందీలో కాగితం అంటించి ఉంది, గదిలో వంట చేయకూడదని. ఆయన దాన్ని చదివి, "ఇలాంటివి అందరూ రాస్తారులే" అన్నారు. హోటలు నియమం ఆయనకి లెక్కలేదు, ఆయన నాలిక నియమం మాత్రం మేమంతా పాటించాలి. కింద గుమ్మం పక్కనే ఒకాయన పెద్ద మూకుడులో కచోరీలు వేయిస్తున్నాడు. ఆ వాసన మెట్ల మీదుగా గదిలోకే వస్తోంది. పిల్లలు అడిగితే, "అది ఎన్నాళ్ళ నూనో తెలుసా?" అని కసిరారు. పెరుగు మాత్రం బయటినుంచి తెచ్చుకోవచ్చట. పెరుగు తిండి కిందికి రాదట. ఆ శాస్త్రం ఎవరు రాశారో ఆయన్నే అడగాలి.

మొదటి సాయంత్రమే పొయ్యి పెట్టేసరికి ఫ్యూజు పోయి వసారా అంతా చీకటైంది. మేనేజరు పైకొచ్చాడు. నేను పొయ్యిని మంచం కిందికి తోసి దుప్పటి లాగి కూర్చున్నాను, వేడికి దుప్పటి అంచు కమిలింది. ఈయన తలుపు దగ్గర నిలబడి, "బచ్చోంకే లియే దూధ్ గరమ్ కర్ రహే థే" అని, పిల్లలకి పాలు వేడిచేస్తున్నామని నవ్వుతూ చెప్పారు. ఆ తరవాత పద్ధతి మార్చాం. వంట చేసేటప్పుడు తలుపు గడియ వేసి ఉండాలి. తలుపు కింద తడి తువ్వాలు కుక్కాలి. మిగతా గదుల్లో ఫ్యాన్లు, లైట్లు తక్కువ వాడే పూట చూసుకుని పొయ్యి పెట్టాలి. అందరూ ఊరు చూడ్డానికి పోయే వేళే అది. అంటే గదిలో ఒక మనిషి ఉండాలి. ఎవరా మనిషి? వేరే చెప్పాలా?

రెండో రోజు పొద్దున ఆయన పిల్లల్ని తయారుచేసి, "తెలీబంధా చెరువు చూపించుకొస్తాను. ఈలోగా నువ్వు ఉప్మా కానిచ్చెయ్యి" అన్నారు.

"నేనూ వస్తానండీ. అటుకులు పెరుగులో కలిపేస్తే అయిపోతుంది కదా."

"అటుకులు రాత్రి తిన్నాం. అయినా నువ్వు పుట్టి పెరిగిన ఊరే కదా, నువ్వు కొత్తగా చూసేదేముంది?"

నేను పెరిగిన ఊరు కనక నేను చూడక్కర్లేదట! ఆ చెరువు ఎటుందో కూడా తెలియని మనిషి దాన్ని నా పిల్లలకి చూపిస్తాడట. అప్పుడే తువ్వాలు మొహాన కొట్టి మెట్లు దిగాల్సింది. దిగలేదు. పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. నా మీద నాకున్న కోపం ఆయన మీద కోపం కంటే తక్కువేం కాదు. పన్నెండేళ్ళ అలవాటు, అంతకు ముందు మా అమ్మ దగ్గర నేర్చుకున్న అలవాటు.

ఆ గది కిటికీలోంచి పట్టాల మీద కాలిబాట వంతెన కనిపిస్తుంది. దాని అవతల గుఢియారీ. నడిస్తే పావుగంట. రైళ్ళు వచ్చిపోయే చప్పుడు, హిందీలో అనౌన్సుమెంట్లు, అన్నీ చిన్నప్పుడు మా ఇంట్లో వినిపించినట్టే వినిపిస్తున్నాయి. నేను పట్టాలకి ఇవతల నిలబడి రవ్వలో వేడినీళ్ళు పోస్తున్నాను. సాయంత్రం వెళ్దాం అన్నారు. సాయంత్రం ఆయనకి కాళ్ళు నొప్పులు. రేపు తప్పకుండా అన్నారు.

మూడో రోజు వాళ్ళు ముగ్గురూ బజారుకని వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చారు. నేను కిచిడీ దించి, గిన్నె తువ్వాల్లో చుట్టి మంచం కింద పెడుతున్నాను. తలుపు కొడితే వెళ్ళి గడియ తీశాను. మా అబ్బాయి లోపలికి వస్తూనే, "అమ్మా! మీ ఇల్లు చూసేశాం!" అని అరిచాడు.

"ఏ ఇల్లు?"

"నువ్వు చిన్నప్పుడున్న ఇల్లు. పచ్చ తలుపు. ముందర బావి కూడా ఉంది. నాన్న మమ్మల్ని బావి దగ్గర నిలబెట్టి ఫొటో తీశారు."

మా ఇంటి ముందు బావి లేదు. వీధి చివర కుళాయి ఉండేది, అమ్మ తెల్లారకుండానే బిందె తీసుకుని వెళ్ళేది. నేను మా అమ్మాయిని అడిగాను, "పట్టాలు దాటారా?"

"లేదమ్మా. ఇవతలే."

ఆయన చెప్పులు విప్పుకుంటున్నారు. పెళ్ళయిన కొత్తలో రెండుసార్లు వచ్చారు మా ఇంటికి. రెండుసార్లూ మా అమ్మ ఈయన కోసం పొద్దున లేస్తే పడుకునేదాకా వండింది. ఆ తిన్న ఇల్లు పట్టాలకి ఎటువైపుందో ఈయనకి గుర్తులేదు.

"అది మా ఇల్లు కాదండీ" అన్నాను.

"అవునా? క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఏదైతేనేం, పిల్లలు సరదా పడ్డారు. నీకు శ్రమ తప్పిందనుకున్నాను" అని, "కిచిడీలోకి అప్పడాలు లేవా?" అన్నారు.

చేతిలో గరిటె ఉంది. దాన్ని మంచం మీద, ఆయన ఉతికించుకుని తెచ్చుకున్న తెల్ల చొక్కా మీద పెట్టాను. పొరపాటున కాదు, చూసే పెట్టాను. పసుపు మరక పడింది. "పదండి" అని పిల్లల రెక్కలు పట్టుకున్నాను. అబ్బాయి ఆకలన్నాడు. చూసేసిన ఇల్లు మళ్ళీ ఎందుకన్నాడు. ఆయన, "భోజనం వేళ ఎక్కడికి? మరి నా సంగతి?" అన్నారు. ఆ మాటకి నేను జవాబు చెప్పకుండా మెట్లు దిగడం అదే మొదటిసారి.

వంతెన ఎక్కి దిగాం. ఎండ చుర్రుమంటోంది. దారి పొడవునా మా అబ్బాయి ఏడుపు మొహమే. మా లైనులో నాలుగో ఇల్లు. తలుపుకి నీలం రంగు వేశారు. గుమ్మంలో ఒకావిడ బియ్యం చెరుగుతోంది, నాకంటే కొంచెం పెద్ద.

"ఎవులమ్మా మీరు? ఏటి కావాల?" అంది. శ్రీకాకుళం మాట విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పాను. మా అమ్మ పోయిన ఇల్లని మాత్రం చెప్పలేదు, ఇంట్లో ఉన్నవాళ్ళతో చెప్పకూడని మాట. ఆవిడ చేట పక్కన పెట్టి లేచింది.

"అయ్యో, అలగా! బయటే నిలబడిపోనారేటి, రండి, రండి. ఇది మీ ఇల్లే కదా. పిల్లలు బాగా వాడిపోనారు. బైఠో బాబూ, గరమ్ గరమ్ చీలా ఎయ్యనా?"

వంటిల్లు అలాగే ఉంది. గోడకి కిందగా, నా ఏడేళ్ళ ఎత్తులో, అమ్మ నా బడి సంచి కోసం కొట్టిన మేకు ఉంది. దానికి ఎవరి సంచో వేలాడుతోంది. పిల్లలకి చూపించాను. మా అమ్మాయి వేలితో ఆ మేకు ముట్టుకుని, "ఇంత పొట్టిగా ఉండేదానివా?" అంది. అబ్బాయి మాత్రం పొయ్యి వైపే చూస్తున్నాడు. బియ్యప్పిండిలో పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి పల్చగా జారుగా కలిపి పెనం మీద పోస్తారు, అదే చీలా. మా అమ్మ పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ దగ్గర నేర్చుకుంది. ఈ ఇంటావిడ చీలా మీద టమాటా పచ్చడి వేసి నా చేతికి పళ్ళెం ఇచ్చింది. నేను లేవబోతే, "కూకోండమ్మా. తినండి ముందు" అని గదమాయించింది. ఇల్లు కదిలాక నేను వండని తిండి నేను తిన్నది అక్కడే. పులిహోర, ఉప్మా, కిచిడీ, మళ్ళీ ఉప్మా, అన్నీ నా చేతివే. నా చేతి రుచంటేనే నాకు అసహ్యం పుట్టి ఉంది. నాలుగు చీలాలు తిన్నాను. సిగ్గుపడలేదు.

గదికి తిరిగొచ్చేసరికి గరిటె అలాగే ఉంది, కిచిడీ గిన్నె మూత తీయలేదు. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. ముందర న్యూస్ పేపరు, దాని మీద రెండు కచోరీలు. రెండు మిగిలాయంటే ఎన్ని తిన్నారో నేను అడగలేదు. పక్కన జిలేబీ పొట్లం.

"ఆకలేసింది, ఏం చెయ్యను? నువ్వు వడ్డించకుండా పోయావు" అన్నారు. ఇంకో ముక్క తుంచుకుంటూ, "వేడిగా ఉన్నాయి. బాగానే ఉన్నాయి" అన్నారు.

కిచిడీ గిన్నె ఆయన మోకాలికి మూరెడు దూరంలో ఉంది. వంగి గిన్నె పైకి తీసి వడ్డించుకోవడం కన్నా మెట్లు దిగి కచోరీలు కొనడమే తేలికైంది ఆ మనిషికి. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కిటికీ దగ్గరికి వెళ్ళి ఆయనకి వీపు తిప్పి నిలబడ్డాను. ఆ రోజంతా, మర్నాడు రైల్లో, ఇంటికి చేరేదాకా ఆయన కడుపుకేసే చూస్తూ వచ్చాను. ఒక్క నొప్పి, ఒక్క తేన్పు రావాలని కోరుకున్నాను. ఏమీ కాలేదు. రాయిలా ఉన్నారు. పన్నెండేళ్ళు బయటి తిండి పడని కడుపు!

కరెంటు పొయ్యి హోటల్ మంచం కిందే వదిలేసి వచ్చాను. తరవాత వెళ్ళిన ఊళ్ళన్నిటిలో ఆయన హోటళ్ళలోనే తిన్నారు. పడింది.

కానీ ఫొటో మిగిలిపోయింది. మేము గుఢియారీ వెళ్ళినప్పుడు కెమెరా తీసుకెళ్ళాలన్న ధ్యాస నాకు లేదు. తీసుకెళ్ళినా, రీలు ఆ బావి దగ్గరే అయిపోయిందట. నీలం తలుపుకి ఫొటో లేదు, మేకుకి లేదు. ఆల్బంలో పిల్లలిద్దరూ పచ్చ తలుపు ముందు, బావి గట్టు పట్టుకుని నవ్వుతుంటారు. కింద ఆయన గుండ్రటి అక్షరాలతో 'అమ్మ పుట్టిల్లు' అని రాశారు. కాదని ఎన్నిసార్లు చెప్పినా చెరపలేదు. మొన్న మా అబ్బాయి ఎవరితోనో మాట్లాడుతూ, "రాయ్‌పూర్‌లో మా అమ్మ వాళ్ళ ఇంటికి బావి ఉండేది" అన్నాడు. నేను నడిపించి తీసుకెళ్ళిన ఇల్లు, కూర్చోబెట్టి చీలా తినిపించిన ఇల్లు వాడికి గుర్తులేదు. ఫొటోలో ఉన్నదే గుర్తుంది.

ఆ పూట ఆల్బం తీసి, ఆయన రాసిన దాని కింద నేను కూడా రాశాను: 'ఈ ఇల్లు ఎవరిదో మాకు తెలియదు. ఈ ఫొటో తీసే వేళకి అమ్మ హోటల్ గదిలో తలుపు గడియ వేసుకుని వంట చేస్తోంది.'