తాళం పడిందా? ఏమో

మొన్న ఆళ్ళగడ్డలో మా వాళ్ళ పెళ్ళి భోజనాల్లో నా పక్కన కూర్చున్న మా అన్న కొడుకు, కుడిచేత్తో భక్ష్యం తుంచుకుంటూ, ఎడమచేతిలోని ఫోనును మాటిమాటికీ చూసుకుంటుంటే, ఏదో చూడరానిది చూస్తున్నాడని ఆశపడి తొంగిచూశాను. తీరా చూస్తే అందులో ఉన్నది నంద్యాలలో వాడి ఇంటి ముందు కెమెరా చూపించే తలుపు, దానికి వేలాడే తాళం. చారు నా ముక్కులోకి ఎక్కింది. ఎందుకు నవ్వానో అక్కడి పిల్లలకు చెప్పినా అర్థం కాదు కాబట్టి, నా ఈడువాళ్ళైన మీతో చెప్పుకుంటున్నాను.

నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పడానికి చేరిన కొత్తలో నేను మా చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. చిన్నాయన విత్తనాల కొట్టులో పనిచేసేవాడు. చీమను కూడా పక్కకు తప్పుకోమని బతిమాలేంత మెత్తని మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క బాధ తాళం. వేశాక లాగేవాడు, లాగాక చూసేవాడు, చూశాక చిన్నమ్మను పడిందా అని అడిగేవాడు, ఆమె పడింది అనేది, నాలుగు అడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగేవాడు. ఆ లాగుడుకు తాళం కొక్కెం గేదె కొమ్ములా వంకర తిరిగిందనీ, ఇల్లే జానెడు వీధిలోకి జరిగిందనీ నేను బడిలో చెబితే, తోటి టీచర్లు ఒకరిద్దరు చూడడానికి వచ్చారు కూడా.

ఇది చాలదన్నట్టు ఆ ఇంట్లో జేజి ఉండేది, అంటే చిన్నాయన తల్లి. గడప దాటిన మనిషి వెనక్కి వస్తే, లోపలికి పోయి కాసేపు కూర్చొని, గ్లాసెడు నీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయలుదేరాల్సిందేనని ఆమె పట్టుదల. మనందరి ఇళ్ళలోనూ ఉన్న ఆచారమే, కానీ మా ఇంట్లో అది ఎక్కడ చిక్కు పెట్టిందో చూడండి. నీళ్ళు తాగాలంటే తాళం తీయాలి, తీసిన తాళం మళ్ళీ వేయాలి, వేశాక పడిందా లేదా అని చిన్నాయనకు మళ్ళీ మొదలు. ఈలోగా తాగిన నీళ్ళు ఊరుకుంటాయా, అందరికీ పెరట్లోకి పోవాల్సిన పని పడేది. అటు ఆళ్ళగడ్డ బస్సు పోయేది, దాని వెనకది కూడా పోయేది.

మా మామ పెళ్ళికి, అంటే చిన్నమ్మకు స్వయానా తమ్ముడి పెళ్ళికి, ఇలాగే నీళ్ళు తాగి తాగి మేము ఆళ్ళగడ్డ చేరేసరికి తలంబ్రాలు అయిపోయి విస్తర్లు ఎత్తుతున్నారు. చిన్నమ్మ మొహం చూసి పెళ్ళివారంతా ఏమైందని అడుగుతుంటే, జేజి కొడుకును వెనకేసుకొస్తూ, మావోనికి కొంచెం అనుమానం జాస్తి, అంతే తప్ప బంగారంలాంటోడు అని చెప్పింది. ఆమె చెప్పింది తాళం మీది అనుమానం. విన్నవాళ్ళకు మాత్రం మొగుడికి అనుమానం అంటే ఒకటే అర్థం. ఆ మాట వంటపందిరి దాటేసరికి పెళ్ళాన్ని ఇంట్లో పెట్టి తాళం వేస్తాడనీ, ఊరి చివరికి చేరేసరికి ఆ తాళంచెవిని మొలతాడుకు కట్టుకొని పడుకుంటాడనీ అయింది. ఇందులో నా చెయ్యి లేదు, నేనైతే ఇంకా బాగా అల్లేదాన్ని. మొత్తానికి మా మామలు అక్కను పంపేది లేదన్నారు.

చిన్నమ్మ కూడా కదల్లేదు. నన్ను పక్కకు పిలిచి, “నాకు తెల్దా ఆయప్ప సంగతి? పడింది, పడింది అని చెప్పీ చెప్పీ నా నోరే పడిపోయింది పాపా. వెనక్కి తిరక్కుండా ఒక్కసారి నా కోసం రమ్మను, అప్పుడు చూస్తా” అంది. ఆ గొంతు విన్నాక మాత్రం నాకు కథలు అల్లబుద్ధి కాలేదు.

జేజి చిన్నాయనను దర్గాకు తీసుకుపోయి ఊదించి తాయెత్తు కట్టించింది. ఇంటికి వచ్చేలోపల ఆయన ముడి పడిందా అని అడగడం మొదలుపెట్టాడు. చివరికి మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ, డోన్‌లో ఉండే తన తమ్ముడు చేతులు కడిగి కడిగి తోలు ఊడగొట్టుకొని, నంద్యాలలోనే ఒక డాక్టరు దగ్గర కోలుకున్నాడని చెప్పింది. ఆయన మనసు జబ్బుల డాక్టరు, వీధికి మాత్రం నరాల డాక్టరని చెప్పి వెళ్ళాము. ఆయన ఇది గాలీ కాదు మొండితనమూ కాదు, జబ్బు అన్నాడు. మాత్రలు రాశాడు. తాళం పడిందని ఈయనకూ తెలుసు, మనసే నమ్మదు, మీరు పడింది అన్నప్పుడల్లా ఆ ఘడియకు ఊరట దొరికి ఆ వెనకే అనుమానం ఇంకా పెద్దదై వస్తుంది, కాబట్టి మెల్లమెల్లగా వెనక్కి తిరగడం ఈయన మానాలి, ఆ జవాబు చెప్పడం మీరు మానాలి అన్నాడు. చిన్నాయన తల ఊపాడు. మరి అడిగితే ఏం చెప్పాలని జేజి అడిగింది. ఏమో అనమన్నాడు.

“ఏమో అనేదానికి డాక్టరెందుకప్పా? మా వీధిలో ఏదడిగినా అదే అంటారు” అంది జేజి.

అనడం తేలికే, ఆ మొహం చూస్తూ అనడం కష్టం. మొదట్లో చిన్నాయన అడిగితే మేము ఏమో అని పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకునేవాళ్ళం, ఆయన చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టి గడప ముందు నిలబడేవాడు. నీళ్ళ గ్లాసును జేజి తానే అటక మీదికి ఎక్కించింది, అది ఆమె చేసిన త్యాగం. రాను రాను ఆ మాట వీధికంతా అంటుకొని, పాలు చిక్కగా ఉన్నాయా అంటే ఏమో, నేను పాఠం పూర్తి చేశానా అని హెడ్మాస్టరు అడిగితే ఏమో.

ఒక ఆదివారం పొద్దున చిన్నాయన తాళం వేసి, ఒకసారి లాగి, ఆళ్ళగడ్డకు పోదాం పదండి అన్నాడు. వీధి మలుపులో ఆగాడు. పడిందా పాపా అని అడిగాడు. ఏమో చిన్నాయనా అన్నాను. జేజి వైపు చూశాడు, ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏమో నాయనా అంది. బస్సు ఎక్కాడు. సిరివెళ్ళ దాటేదాకా ముందు సీటు కమ్మీని తాళాన్ని లాగినట్టు లాగుతూనే ఉన్నాడు, అది ఊడి చేతికి వచ్చిందని నేను చెబితే మీరు నమ్మకండి.

ఆళ్ళగడ్డలో చిన్నమ్మ వాకిట్లో చాట పట్టుకొని కందులు చెరుగుతోంది. మామలు లేచి నిలబడ్డారు. చిన్నాయన ఎవరినీ పలకరించలేదు.

“తాళం పడిందో లేదో తెల్దు మే. అయినా వచ్చినా” అన్నాడు.

చిన్నమ్మ చేతిలోని చాట ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకొని, చీరలు సర్దుకోవడానికి లోపలికి పోయింది. అంతకంటే పెద్ద ప్రేమమాట మా వంశంలో ఏ మొగుడూ పెళ్ళాంతో అనలేదు.

సాయంత్రం నంద్యాలకు తిరిగొస్తే తాళం కొక్కెం పట్టకుండా వేలాడుతోంది, తలుపు బార్లా తీసి ఉంది, ఖాలా గడప మీద కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కాపలా కాస్తోంది, ఇంట్లో గరిటె కూడా పోలేదు. చిన్నాయన అంతా చూసి పొట్ట పట్టుకొని నవ్వాడు. ఇది నిజమేనా అని మా వాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. వాళ్ళకేం చెబుతానో మీకు తెలుసు.

జబ్బు పూర్తిగా పోయిందని అనను, ఏళ్ళ తరబడి మాత్రలు మింగాడు, మధ్యమధ్య అది తిరగబెట్టేది. అప్పుడు చిన్నమ్మ గడప ముందు ఆయన పక్కన నిలబడి, ఇద్దరికీ కలిపి ఒక ఏమో అనేసి చెయ్యి పట్టుకొని నడిచేది. ఇప్పుడు చిన్నాయన లేడు, జేజి లేదు.

ఆ రోజు పంక్తిలో మా అన్న కొడుకు ఫోను నా ముందు పెట్టి, పడినట్టే కదా అత్తా అని అడిగాడు. ఏమో అన్నాను. ఎదుటి వరసలో తల వంచుకొని తింటున్న చిన్నమ్మ చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది, తలెత్తి నన్ను చూసి, పళ్ళు లేని నోటితో నవ్వింది. వాడు మాత్రం మళ్ళీ ఫోనులోకి చూసుకున్నాడు. అడిగినప్పుడల్లా పడిందని ఆ ఫోను చెబుతుంది, విసుక్కోదు, నోరు పడిపోదు, అలిగి ఆళ్ళగడ్డకూ పోదు. వీధి మలుపుదాకా పక్కన నడిచి వచ్చే మనిషి వాడికి ఎవరున్నారా అని చూశాను, వాడికి అటుపక్కన కూర్చున్న వాడి పెళ్ళాం కూడా తన ఫోనులో ఏదో చూసుకుంటోంది.