అమ్మ టోపీ తీసిన రోజు

మా అక్క వెరోనాకు నోరెక్కువని ఇంగ్లండులోని ఈ లీడ్స్‌లో సగం మంది అంటారు. అననీయండి. ఆ నోరే లేకపోతే ఈ ఊళ్లో మా జుట్టుకు దిక్కుండేది కాదు.

అక్క కాలేజీలో కేశాలంకరణ నేర్పుతుంది. అక్కడ ఇన్నేళ్లూ తెల్లవాళ్ల సాఫు జుట్టు మీదే పాఠం, సాఫు జుట్టు మీదే పరీక్ష. అలా పట్టా పుచ్చుకున్నవాళ్ల సెలూన్‌కి మాలాంటి నల్లవాళ్లు వెళ్తే, "మీ జుట్టు చేసే అమ్మాయి ఇవాళ రాలేదండీ" అనేవారు. ఆ మహాతల్లి ఏ రోజూ రాదు! మా అమ్మ ఐసిల్డా జమైకా నుంచి వచ్చిన కొత్తలో ఆ మాట విని బయటికొచ్చేసింది. మళ్లీ ఏ సెలూన్ గడపా తొక్కలేదు. వంటింట్లో మేమే దువ్వేవాళ్లం. బయటికెళ్తే నెత్తిన టోపీ ఉండాల్సిందే.

బిరుసు ఉంగరాల జుట్టు చెయ్యడం రానివాళ్లకు పట్టా ఇవ్వకూడదని అక్క తోటి టీచర్లతో, సెలూన్ల వాళ్లతో ఏళ్ల తరబడి పోట్లాడింది. కొందరు కలిసొచ్చారు, కొందరు మొహం చాటేశారు. చివరికి ప్రిన్సిపాల్ హాట్లీ ఒప్పుకున్నాడు, ఓ మెలిక పెట్టి.

"ఈ ఒక్క ఏడాదీ చూద్దాం వెరోనా. పిల్లలు తప్పారో, మళ్లీ పాత పద్ధతే."

తీరా పరీక్ష నాడు, పిల్లల చేత జుట్టు చేయించుకోవడానికి కుర్చీలో కూర్చోవలసిన ఒకావిడ రాలేదు. అక్క అమ్మను లాక్కొచ్చింది, వెనకే నేనూ వచ్చాను.

"టోపీ తియ్యమ్మా."

"తియ్యను. నా నెత్తి మీదా మీ ప్రయోగాలు?"

"నా పరువు తీస్తావా?"

"నీ పరువు కంటే నా జుట్టే ముద్దు నాకు."

పరీక్షకొచ్చిన పిల్ల బ్రయొనీ, తెల్లపిల్ల, దువ్వెన పట్టుకుని కుర్చీ వెనక నిలబడింది. అమ్మ ఎగాదిగా చూసి ఎకసెక్కంగా అడిగింది. "ఏమే, నా జుట్టు చేసే అమ్మాయి వచ్చిందా ఇవాళ?"

పాపం, దానికి మా పాత కథేం తెలుసు? "నేనేనండీ మామ్మగారూ. వచ్చాను" అంది.

అమ్మ మెల్లగా టోపీ తీసింది.

పిల్ల కంగారులో దువ్వెన తిన్నగా కుదుళ్ల దగ్గర పెట్టింది. అలా లాగితే మా జుట్టు తెగి ఊడొస్తుంది. అమ్మ కళ్లు మూసుకుంది. అంతలో పిల్లే నాలుక కరుచుకుని దువ్వెన పక్కన పెట్టేసింది. జుట్టు తడిపి, పాయలు తీసి, కొనల నుంచి వేళ్లతో చిక్కు విడదీసుకుంటూ పైకి వచ్చింది. అమ్మ ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

బ్రయొనీ పాసైంది, మిగతావాళ్లూ పాసయ్యారు. ఇక ఇదే పద్ధతి అన్నాడు హాట్లీ.

బయట చినుకులు పడుతున్నాయి. "టోపీ పెట్టుకో అమ్మా" అన్నాను.

"నోర్ముయ్యి. గొడుగు పట్టు. బస్సులో అందరూ చూడాలి."