రెండు రింగులకే పెట్టేసే ఊరు

మొన్న మా మేనకోడలు ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటూ, ప్రోగ్రాం వరస పక్కన ఒక్క నొక్కు నొక్కి ఎర్రచుక్క పెట్టింది. ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగిపోయింది. దీన్ని బ్రేక్‌పాయింట్ అంటారత్తా అని పాపం నాకే చెప్పబోయింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయాను. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఉదయగిరి టెలిఫోన్ ఎక్స్ఛేంజి గుర్తొస్తుంది.

తొంభైల నాటి సంగతి. చిన్న ఊళ్ళకు ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలు తయారుచేసే కంపెనీలో, హైదరాబాదులో, నా మొదటి ఉద్యోగం. ఉదయగిరిలో పెట్టినది రోజూ మధ్యాహ్నానికి చచ్చిపోయి, కాసేపటికి తనంతట తానే లేచేది. ఈలోపు మాట్లాడుతున్న వాళ్ళందరి లైన్లూ తెగిపోయేవి. కాల్స్ నడిపే ప్రోగ్రాం రాసింది నేనే. అయినా ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అక్కడ ఎర్త్ సరిగా లేదని, నిర్వహణ లోపమని కూర్చున్నచోటు నుంచే రిపోర్టు రాసి పంపాను. ఆ కాగితం చూసి పైవాళ్ళు అక్కడి మెకానిక్‌కు మెమో ఇచ్చారు, బదిలీ చేస్తామన్నారు. ఆయన భార్య ఉదయగిరి బళ్ళో టీచరు, ఇద్దరు పిల్లలు. బదిలీ అంటే సంసారం రెండు ముక్కలే.

ఎక్స్ఛేంజి జబ్బు మాత్రం తగ్గలేదు. మీ ఊరి పక్కనే కదా అని చివరికి నన్నే పంపారు. ఆత్మకూరులో నాయన దగ్గర దిగి, ఎమ్యులేటర్ పెట్టె మోసుకుంటూ పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కేదాన్ని. బోర్డులోంచి ప్రాసెసర్ పీకి ఆ చోట ఎమ్యులేటర్ తీగల పట్టీ గుచ్చితే, అది ప్రాసెసర్ పనంతా తానే చేస్తూ, వేసిన ప్రతి అడుగూ రాసుకునేది. దాన్నే ట్రేస్ అనేవాళ్ళం. కాని అందులో చోటు తక్కువ, రెప్పపాటులో నిండి పాతది చెరిగిపోయేది. ఎక్కడ పడితే అక్కడ ఆపుదామంటే ఊరి ఫోన్లన్నీ ఆగిపోతాయి. అందుకని షరతులు పెట్టాలి: ఒక్కో కాల్‌కూ మెమరీలో ఒక గడి కేటాయిస్తాం గనక, ఖాళీ గళ్ళ సంఖ్య మారినప్పుడే రాసుకో, ఖాళీ గడి ఒక్కటీ మిగలనప్పుడే ఆగు. ఈ ఒక్క బ్రేక్‌పాయింట్ దానికి ఎక్కించడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మెకానిక్ అన్న, నా రిపోర్టు ప్రకారమే, ఎర్త్ తీగ పాతిన గుంట ఆరిపోకుండా బిందెలతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. ఆ రిపోర్టు నాదేనని ఆయనకు తెలుసు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆగింది. ట్రేస్ చూస్తే, గడి తీసుకుని తిరిగివ్వని కాల్స్ అన్నీ ఒకటే రకం. అవతల ఎత్తకముందే పెట్టేసినవి. అలాంటప్పుడు గడి వదిలెయ్యమన్న మాట నా ప్రోగ్రాంలోనే లేదు. ఇన్ని ఎందుకున్నాయని అడిగితే అన్న బిందె దించి నవ్వాడు.

"ఆత్మకూరులో బస్సు కదిలితే ఈడ అంగడికి రెండు రింగులిస్తారమ్మా. ఎత్తితే బిల్లు పడతాది గదా. ఊరంతా అంతే. నువ్వెరగవా ఏంది?"

ఎరగకపోవడమేమిటి, మా నాయనా అలాగే ఇచ్చేవాడు. కాని ఆఫీసులో పరీక్షించినప్పుడు మేము ప్రతి ఫోనూ ఎత్తి హలో అన్నాము. ఎత్తకుండానే కబురు అందుకునే మనుషులుంటారని, ఆ సీమలోనే పుట్టిన నాకు తట్టలేదు.

ప్రోగ్రాంలో నాలుగు వరసలు సరిచేసి, దాన్ని ఎక్కించిన కొత్త చిప్పు పెడితే ఎక్స్ఛేంజి మళ్ళీ పడలేదు. బయల్దేరే రోజు అన్న నా పెట్టెను బస్సులో పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఎర్త్ బాగానే ఉండాదని ఒక్క ముక్క రాయమ్మా. చాలు నాకు."

సరే అన్నా, రాస్తాను అని చెప్పాను. ప్రోగ్రాం మెరుగుపరచడమైనది అని మాత్రమే రాశాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, తప్పు నాదని చెప్పుకోవడానికి భయపడ్డాను. ఆయనను దూరంగా వేసేశారు. ఆదివారం చర్చిలో ప్రార్థనకు మాత్రం ఉదయగిరి వచ్చి పోతున్నాడని నాయన చెప్పాడు.

ఇప్పటి ప్రోగ్రాముల్లో ఏ వరస ఎవరు రాశారో పేరుతో సహా ఉంటుందట, మేనకోడలు చూపించింది. మా రోజుల్లో అది లేదు, లేకపోవడం నాకు కలిసొచ్చింది. ఆ ఎక్స్ఛేంజి గదికి ఇప్పుడు తాళం, అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఒక్క ముక్క ఇవాళ ఏ భయమూ లేకుండా రాయగలను, చదివి ఆయన బదిలీ ఆపేవాళ్ళే లేరు.