పెద్దాయన గదిలోకి వెళ్ళే పద్ధతి

ఆగండి బాబాయికి సొంత పేరు లేక కాదు. ఉద్యోగమంతా పెద్ద ఆఫీసరు గది ముందు స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ చెయ్యి అడ్డం పెట్టి "ఆగండి" అన్న మనిషికి వీధి వీధంతా కలిసి పెట్టిన పేరు అది. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ చెయ్యి మాత్రం రిటైరు కాలేదు. పాలవాడొచ్చినా "ఆగండి", అల్లుడొచ్చినా "ఆగండి".

పెద్దవాళ్ళ దగ్గరికి ఎలా వెళ్ళాలో బాబాయి దగ్గరే నేర్చుకోవాలి. తలుపు మీద వేలి కణుపుతో మెల్లగా తట్టాలి. లోపల అడుగు పెట్టాక దగ్గకూడదు, గోక్కోకూడదు, గోడకి చేరగిలబడకూడదు. వచ్చిన పని ఒక్క ముక్కలో చెప్పాలి. వచ్చేటప్పుడు వీపు చూపించకుండా వెనక్కి నడవాలి. ఒక ఆఫీసరుకే ఇంత మర్యాదైతే, ఆకాశాన్నీ భూమినీ చేసినవాడికి ఎంతుండాలి? అందుకని ఆయన ప్రార్థనకి ముందు కాళ్ళు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పీక దగ్గర బొత్తాంతో సహా పెట్టుకుని, కిటికీ చెక్క మీద టక్కుటక్కున తట్టి మోకాళ్ళూనేవాడు.

"అయ్యా, తమరికి అంతా తెలుసు. తమరి చిత్తం. సెలవు. ఆమేన్."

అంతే. లేచి వెనక్కి వెనక్కి నడుస్తూ నీళ్ళ బిందెకి తగిలేవాడు. అది రోజూ ఉన్నదే.

ఆయన భార్యని అందరూ పిన్ని అంటారు. ఆ వీధిలో పిల్లలు వేసుకునే బడి దుస్తులన్నీ ఆవిడ కుట్టినవే. దేవుడితో మాట కలపడానికి ఆవిడకి ఇస్త్రీ చొక్కా అక్కర్లేదు, కిటికీ అక్కర్లేదు. మిషను ముందు కూర్చునే అందుకునేది.

"తండ్రీ, నిన్న చెప్పిన సంగతేం చేశావు? చూస్తానన్నావు, చూశావా? ఈ దారం ఇంకోసారి తెగిందో, నేను ఊరుకునేది లేదు."

"ఎవరితోనే ఆ పేచీ?" అనేవాడు బాబాయి.

"ఆయనతోనే."

"ఆయనకి వేళాపాళా ఉండదూ?"

"ఉంటే మీ ఆఫీసరుగారికి ఉంటుంది. ఈయన గది ముందు స్టూలు లేదు లెండి."

ఇలా సాగుతుండగా బాబాయి కిడ్నీలో రాయి పడింది. గురువారం వస్తే తీసేస్తామన్నారు ఆస్పత్రిలో. ఆఫీసరుగారికి ఒంట్లో బాగోకపోతే పదిమందికీ చెప్పుకుంటారు గానీ, అటెండరుకి రాయి పడిందంటే వీధిలో నవ్వులాట అవుతుందని బాబాయి భయం. ఎవరికీ చెప్పొద్దని పిన్నితో ఒట్టు వేయించుకోబోయాడు. ఒట్లు పెట్టుకోకూడదని బైబిలు వాక్యంలో ఉందని ఆవిడ తప్పించుకుంది.

ఆ వారమే వాళ్ళింట్లో ప్రార్థన కూడిక. గదినిండా జనం. పాస్టరుగారు పిన్నిని ప్రార్థన చెయ్యమన్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"తండ్రీ, నీ కుమారుడి సమాధి మీద అంత బండ ఉంటే దూతని పంపి దొర్లించేశావు. ఈయన కిడ్నీలో ఉన్నది శనగగింజంత రాయి. నీకదొక లెక్కా? ఎందుకింత తాత్సారం? ఈయన చంటిపిల్లాడిలా మూలుగుతుంటే నాకు కునుకు లేదు..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బాబాయి చెయ్యి దానంతటదే లేచింది.

"ఆగు! ఎవరి ముందు ఉన్నావో ఒళ్ళు తెలిసే మాట్లాడుతున్నావా?"

అందరి కళ్ళూ తెరుచుకున్నాయి, పాస్టరుగారివి కూడా. పిన్ని సగం మాట మింగేసి "ఆమేన్" అంది. జనం వెళ్ళిపోయాక చాపలు చుడుతూ, "అన్నీ తెలిసినవారు, ఇకమీదట మీరే చేసుకోండి," అంది. అంతే, నోటికి తాళం పడింది.

మర్నాడు ఎదురింటావిడ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఏం అన్నయ్యా, వదినకి గొంతు పోయిందా? మిషను చప్పుడు తప్ప మాటే లేదు. నాకు కూర తరుగుతుంటే తోచడం లేదు."

"గొంతు బాగానే ఉంది."

"మరి? దేవుడితో మాటల్లేవా?"

"నాతో."

"ఓస్, అంతేనా! మీతో అయితే రోజూ ఉండేదేగా," అంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

బాబాయి కూర్చుని మిషను వింటూ ఉండిపోయాడు. ఏదో తేడాగా ఉంది. ఇదివరకు ఆ మిషను తొక్కుతూ తొక్కుతూ ఠక్కున ఆగేది. ఆ ఆగిన చోట "తండ్రీ" అన్న మాట పడేది. ఆ తరవాతే పేచీ, ఆ తరవాతే మళ్ళీ మిషను. ఇప్పుడు ఆగడమన్నదే లేకుండా గూడ్సు బండిలా పోతోంది. తను కిటికీ తట్టినట్టే ఆవిడ కాలు ఆపేదన్నమాట. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి అది చెవిన పడనే లేదు.

సరే, తన పని తనే చెప్పుకుందామని చొక్కా తొడుక్కున్నాడు, తట్టాడు, మోకరించాడు. "అయ్యా, తమరికి అంతా తెలుసు..." ఆపైన పెదవి కదలలేదు. లోపల రాయి మెలిపెడుతున్నా మాట పెగలదే! ఆఫీసరు గదిలో ఊళ్ళోవాళ్ళ పనులన్నీ చెప్పాడు గానీ, తన గోడు ఏనాడూ చెప్పుకున్నవాడు కాదు. అడగడం చేతకాని మనిషి, అడిగే మనిషి నోరు మూయించి కూర్చున్నాడు.

గురువారం పొద్దున సంచి సర్దడం అయింది. ఆటోకి కబురు వెళ్ళింది. బాబాయి మిషను పక్కన నిలబడ్డాడు.

"ఏమే."

"డాక్టరుగారి చీటీ సంచిలోనే ఉంది."

"అది కాదే. ఆయనతో... నువ్వో మాట చెప్పరాదూ?"

"మర్యాద తెలీనిదాన్ని, నేనేం చెబుతాను?"

"తెలుసు. మాట మొదలెట్టేముందు నువ్వు కాలు ఆపుతావు. నేనే వినలేదు."

పిన్ని ఆయనకేసి చూసింది. "మరి అంతమందిలో ఎందుకు ఆపినట్టో?"

"రాయి సంగతి బయటపడిందని."

"అదీ! అయితే దేవుడి మర్యాద కాదు, తమరి మర్యాద!"

"రెండూ కలిసిపోయాయే," అన్నాడు బాబాయి తల గోక్కుంటూ.

పిన్నికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. చేతిలో గుడ్డ పక్కన పెట్టి, మిషను పక్కనే మోకరించింది. ఆయన కూడా పక్కన చేరాడు. కిటికీ దాకా వెళ్ళే ఓపిక లేదు.

"తండ్రీ," అంది ఆవిడ. "ఈయన నీ పేరు చెప్పి నా నోరు మూయించారు. నేను అలిగాను. అలిగి నీతో కూడా ముభావంగా ఉన్నాను, అది నా తప్పు, మన్నించు. ఈయన తప్పు ఈయన చూసుకుంటారు. ఇక రాయి విషయానికొస్తే..."

"భయంగా ఉందని కూడా చెప్పు," అన్నాడు బాబాయి గుసగుసగా.

"మధ్యలో మాట్లాడతారేం, పెద్దాయన ముందుండి?" అంది పిన్ని కళ్ళు తెరవకుండానే. "అయినా అది నేను చెబితే ఏం బాగుంటుంది? మీరే చెప్పండి. వింటున్నాడుగా."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యా," అన్నాడు. "నాకు... భయంగా ఉందయ్యా."

ఆ ఒక్క ముక్కా బయటికొచ్చాక మిగతావి దాని తోక పట్టుకుని వచ్చేశాయి. సూది అంటే భయం, మత్తు ఇస్తే లేవనేమోనని భయం, తను లేకపోతే ఈవిడ మిషనుకి నూనె వేసేదెవరని బెంగ. చిన్నప్పుడు చెరుకు దొంగిలించిన సంగతి కూడా మధ్యలో దొర్లింది. బయట ఆటో వచ్చి ఆగింది. హారన్ ఒకసారి మోగింది, రెండోసారి మోగింది. బాబాయి చెప్పుకుంటూ చెప్పుకుంటూ వాళ్ళ నాన్న సంగతి దాకా వచ్చాడు.

పిన్ని ఒక కన్ను తెరిచి చూసింది. ముక్కు ఎగబీల్చి, ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"మిగతాది ఆటోలో చెబుదురుగాని, లేవండి."